వానకంటే ముందు టుర్క్‌హైమ్ కొండ మీద

సెలవులకు నాచారం వచ్చినప్పటి నుంచి నన్ను కనపడ్డవాళ్ళంతా అడిగిన ప్రశ్న ఒకటే. "ఫ్రాన్స్ పోయినవంట గద, ఏం జూసినవ్?" ద్రాక్షతోట చూశానని చెబితే మా కింది వాటాలో ఉండే సుగుణమ్మ ఆంటీ, "దానికి గంత దూరమెందుకు పోయినవ్ బిడ్డా? నారపల్లి పోతె అయిపోవు" అంది. పక్కనే చిక్కుడుకాయలు తుంచుతున్న అమ్మ తలెత్తకుండా, "నారపల్లిల ద్రాక్షతోటలిప్పుడు యేడున్నయ్ వదినా, అన్ని ప్లాట్లే" అంది.

నేను పారిస్ చూడలేదు. నేను చూసింది ఒక చిన్న ఊరు, ఊరి వెనక ఒక కొండ, కొండ మీద ద్రాక్ష వరసలు. అదీ మూడు రోజులు. అయినా దాని గురించి ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ కూర్చున్నచోట కుదురు ఉండదు.

రైన్ నది దాటి

నేను జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో నీటివనరుల మీద ఎమ్మెస్ చదువుతున్నాను. నా క్లాసులో ఎలోడి అనే ఫ్రెంచ్ అమ్మాయి ఉంది. సెప్టెంబరు చివర ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆమె పళ్ళెం ముందు పెట్టుకుని తినకుండా కూర్చుంది. ఏమైందని అడిగితే చెప్పింది.

వాళ్ళ తాత రెనే గారికి ఫ్రాన్స్‌లో, సరిహద్దుకు దగ్గరే ఉన్న టుర్క్‌హైమ్ అనే ఊళ్ళో కొండవాలు మీద చిన్న ద్రాక్షతోట ఉంది. పోయిన నెల ఆయన నిచ్చెన మీద నుంచి జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కాయ కోతకు వచ్చింది. ప్రతి ఏడూ సాయానికి వచ్చే ఇరుగుపొరుగు వాళ్ళు ఈసారి తమ తోటల్లోనే తీరిక లేకుండా ఉన్నారు. ఆదివారం రాత్రి నుంచి వారమంతా వానలని వార్తల్లో చెబుతున్నారు. పండిన ద్రాక్ష మీద వాన పడితే కాయ పగులుతుంది, పగిలిన కాయ కుళ్ళుతుంది.

"ఈ పంట పోతే తోటను పక్క రైతుకు ఇచ్చేస్తానంటున్నాడు తాత. అవి మా అమ్మమ్మ నాటిన తీగలు" అంది ఎలోడి.

"నేను వస్తాను" అన్నాను, ఆలోచించకుండానే.

నిజానికి కాస్త ఆలోచించాను. నారపల్లిలో మా అమ్మ వాళ్ళ నాన్నకు అనాబ్‌షాహీ ద్రాక్షతోట ఉండేది. ఒంటిపూట బడులు మొదలవగానే మేం అక్కడే ఉండేవాళ్ళం. పందిరి కింద నిలబడి తల పైకెత్తి గుత్తులు కోసే ఆడవాళ్ళ మధ్య నేనూ ఒక కత్తెర పట్టుకుని తిరిగేదాన్ని. నేను హైస్కూల్లో ఉండగా బోర్లు ఎండిపోయి ఆ తోట తీసేశారు. ఆ తర్వాత తీగ మీద ద్రాక్షను నేను చూడలేదు.

ఎలోడి ముందే ఊరికి వెళ్ళిపోయింది. నాతో పాటు బయల్దేరింది యాదగిరన్న. చిల్కానగర్ వాడు, నాకంటే మూడేళ్ళు సీనియర్, ఇంజనీరింగ్‌లో పరిశోధన చేస్తున్నాడు. ఉదయంపూట ఒక రొట్టెల బట్టీలో పనిచేస్తాడు. విషయం చెప్పగానే, "నడు చెల్లె. ల్యాబుల కూసొని కూసొని గూనొచ్చెటట్టున్నది నాకు" అని సంచి సర్దుకున్నాడు. సంచిలో బియ్యం, చింతపండు, ఇంటి నుంచి తెచ్చుకున్న కారం పొట్లం.

శుక్రవారం మధ్యాహ్నం రైలు దిగి బస్సెక్కాం. దారి పొడుగునా అన్న పాస్‌పోర్టు చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. కింద విశాలంగా రైన్ నది, ఒక వంతెన, ఆ తర్వాత మొక్కజొన్న చేలు. కాసేపటికి బోర్డుల మీద భాష మారిపోయింది.

"బార్డర్ యేడ?" అన్నాడు అన్న.

"దాటేసినం అన్న."

"గంతేనా?" పాస్‌పోర్టు జేబులో పెట్టుకుంటూ బయటికి చూశాడు. "ఉప్పల్ రింగురోడ్డు దాటుడు ఇంతకంటె కష్టం."

రొట్టెల దుకాణంలో

టుర్క్‌హైమ్‌కు మూడు కోట ద్వారాలు. ఒక ద్వారం బురుజు మీద కొంగల గూడు ఉంది, ఎడ్లబండి చక్రమంత. ఇళ్ళు బొమ్మరిళ్ళలా ఉంటాయి, గోడల్లో అడ్డంగా నిలువుగా నల్లటి దూలాలు, కిటికీల కింద ఎర్రటి పూలు. ఒక్క పాన్ మరక లేదు. అన్న అదే అన్నాడు, కొంచెం దిగులుగా.

ఊరికే చేతులూపుకుంటూ పోకూడదని ఒక దుకాణంలోకి వెళ్ళి, వేలితో చూపించి "ఇది ఒకటి" అన్నాను. కౌంటర్ వెనక ఉన్నామె కదల్లేదు. మళ్ళీ అన్నాను. నా భుజం మీదుగా ఎటో చూసింది. మేం నల్లగా ఉన్నామని కాబోలు అనుకుని నాకు చెవులు వేడెక్కాయి. ఇంతలో వెనక వచ్చిన ముసలాయన గడపలోనే "బోన్‌జూర్ మదాం" అన్నాడు. ఆమె మొహం విప్పారింది. అప్పుడు అర్థమైంది. నేనూ "బోన్‌జూర్ మదాం" అన్నాను. అంతే, దుకాణం మొత్తం నాదైపోయింది. రుచి చూడమని రెండు ముక్కలు కోసిచ్చింది, ఎక్కడి నుంచి వచ్చారని అడిగింది, మధ్యలో గుంట ఉండే కుగెల్‌హోఫ్ అనే కేకును రిబ్బనుతో కట్టిచ్చింది. నాచారంలో కిరాణం షాపు ముందు నిలబడి "అన్నా, అర్ధకిలో చక్కెర" అని మొదలుపెడితే అది మర్యాదే. ఇక్కడ ముందు మనిషిని పలకరించాలి, తర్వాతే సరుకు. కేకు ధర చూసి మాత్రం అన్న, "రిబ్బను వెండిదా ఏంది చెల్లె?" అన్నాడు.

రెనే గారి వంటింట్లో

రెనే గారికి డెబ్బై దాటి ఉంటాయి. పొడుగు మనిషి, కుడిచెయ్యి మెడకు వేలాడుతోంది. తలుపు తీసి ఎడమచెయ్యి చాచి ఏదో అన్నాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అది ఫ్రెంచ్ కాదు. నేను పరీక్షలు రాసి పాసైన జర్మనూ కాదు. అన్న మాత్రం గడగడా జవాబు చెప్పేశాడు.

"నీకెట్ల అర్థమైంది?" అన్నాను.

"మా బట్టీ ఓనర్ ముసలోడు అచ్చం గిట్లనే మాట్లాడ్తడు. పుస్తకంల ఉండేది కాదిది. ఊర్ల భాష."

రాత్రి భోజనాల దగ్గర ఎలోడి చెప్పింది. జర్మన్‌కు దగ్గరగా ఉండే ఆ ఊరి భాష మాట్లాడినందుకు తాతను చిన్నప్పుడు బడిలో కొట్టేవారట. అందుకే వాళ్ళమ్మ తరానికి సగం, తన తరానికి పావువంతు మిగిలిందట. నేను అన్నకేసి చూశాను. ఆరో తరగతిలో నేను "వచ్చిండు" అని రాస్తే ఎర్ర సిరాతో సున్నా చుట్టి క్లాసందరికీ చూపించిన టీచరమ్మ నాకు గుర్తొచ్చింది. అన్నకు కూడా ఎవరో గుర్తొచ్చే ఉంటారు. ఆయన లేచి ముసలాయన గ్లాసులో నీళ్ళు పోశాడు.

తిండి మాత్రం ఘనంగా పెట్టారు. ఎలోడి వాళ్ళమ్మ మార్టిన్ గారు రొట్టెల పిండిని రుమాలీ రోటీ అంత పల్చగా సాగదీసి, మీద మీగడ, ఉల్లిపాయ చక్రాలు పరిచి పొయ్యిలో కాల్చింది. మామూలుగా పంది మాంసం కూడా వేస్తారట, మాకోసం వేయలేదు. అన్న తన వాటా మీద కారం చల్లుకున్నాడు. రెనే గారు అదేంటని అడిగి, వేలితో అద్దుకుని నాలుక మీద పెట్టుకుని, చాలాసేపు గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. తర్వాత తన ముక్క మీద కూడా వేయమన్నాడు. చివర్లో ఆ కొండల్లోనే తయారయ్యే ఒక జున్ను తెచ్చిపెట్టారు. దాని వాసనకు మేమిద్దరం ఏకకాలంలో ఊపిరి బిగబట్టాం. అదొక్కటీ మా వల్ల కాలేదు.

పడుకోబోయే ముందు రెనే గారు నన్ను పైనుంచి కిందిదాకా చూసి ఏదో అన్నాడు. అన్న నవ్వు ఆపుకుంటున్నాడు.

"ఏమంటుండు?"

"ఈ పిల్లకు కొండ ఎక్కుడే అయితదో కాదో, కింద బకెట్లు కడగమందాం అంటుండు."

"సగం వరస ఇయ్యమను" అన్నాను. "సగమే."

శనివారం, వాలు మీద

ఇచ్చాడు. నేను చెడగొట్టాను.

మా తాత తోటలో ద్రాక్ష తలపైన ఉండేది. ఇక్కడ ద్రాక్ష తీగలను ఇనప తీగలకు కట్టి కంచెలా నిలబెట్టారు. గుత్తులు మోకాళ్ళ దగ్గర ఉంటాయి. మనకు మెడ నొప్పి, వీళ్ళకు నడుం నొప్పి. పైగా నేల ఇంటికప్పులా వాలిపోయి ఉంది. ఎక్కిన కాసేపటికే జారాను. నా బకెట్ బోర్లాపడి, నిండా ఉన్న కాయలు వరస చివరిదాకా దొర్లుకుంటూ పోయాయి. వచ్చినవాళ్ళలో నాలాంటి విద్యార్థులు నలుగురైదుగురు ఉన్నారు, అందరూ ఇటు తిరిగి చూశారు. రెనే గారు వంగి ఎడమచేత్తో కాయలు ఏరసాగాడు. అదే ఎక్కువ బాధనిపించింది.

అన్నకు వీపుకు తగిలించుకునే పెద్ద గంప ఇచ్చారు. మేం కోసి బకెట్లు నింపితే, ఆయన వాటిని గంపలో పోయించుకుని కింద ట్రాక్టరు ట్రాలీ దాకా మోసుకెళ్ళి, భుజం మీదుగా వంగి కుమ్మరించి రావాలి. రెండో విడతకే చొక్కా తడిసిపోయింది. "చెల్లె, జిమ్ముకు పైసలు గట్టుడు బంద్" అన్నాడు పైకెక్కుతూ.

మధ్యాహ్నానికి అందరికంటే వెనక నేనే. ఎందుకో అప్పుడు తెలిసింది. మన దగ్గర తినే ద్రాక్షకు పైన బూడిదలాంటి తెల్లటి పొర చెరగకూడదు. వేలిముద్ర పడితే బేరం పడిపోతుంది. అందుకే తొడిమ మాత్రం పట్టుకుని కోస్తారు. నేను పొద్దుట్నుంచీ అలాగే ఒక్కొక్క గుత్తినీ పెళ్ళికూతురి చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుంటున్నాను. ఇవేమో పిండి వైన్ చేసేవి. గుప్పెట పట్టి తెంపేయొచ్చు.

కాయ మాత్రం అద్భుతం. గులాబీ రంగు, చిన్నది. కొరికితే అత్తరు సీసా మూత తీసినట్టు గులాబీ వాసన. తొక్క మందం. మార్కెట్లో ఇలాంటి చిన్న కాయను మనవాళ్ళు తిరిగి కూడా చూడరు.

తిన్న తర్వాత పైవరసలకు వెళ్ళాం. అక్కడ ఆకు దట్టంగా ఉంది, గుత్తుల లోపల బూజు పట్టడం మొదలైంది. విద్యార్థులు కొందరు గుత్తిని మొత్తం పారేస్తున్నారు, కొందరు చూడకుండా బకెట్లో వేస్తున్నారు. రెనే గారు ఒకసారి బకెట్లోకి చెయ్యి పెట్టి తీసి చూసి, కింద కూర్చుండిపోయాడు. చెడ్డ కాయ కలిస్తే రైతుల సంఘం వాళ్ళు లోడు మొత్తం వెనక్కి పంపుతారని, ఒక్కొక్క గుత్తినీ ఏరుతూ కూర్చుంటే వాన వచ్చేస్తుందని ఎలోడి గొంతు తగ్గించి చెప్పింది.

అప్పుడు నా చేతులకు పాత పని గుర్తొచ్చింది. గుత్తిని తొడిమ పట్టుకుని తలకిందులుగా తిప్పితే కాయలు వాటంతటవే విడివడతాయి. లోపలి కుళ్ళు కనిపిస్తుంది. కత్తెర మొన లోపలికి పెట్టి ఆ చిన్న రెమ్మను కత్తిరించి, ఒక్కసారి విదిలిస్తే చాలు. మిగతాది శుభ్రం. నారపల్లిలో ఆడవాళ్ళు ముచ్చట్లాడుకుంటూ చేసే పని అది. నేను నాలుగు గుత్తులు చేసేసరికి రెనే గారు వచ్చి పక్కన నిలబడ్డాడు. ఐదోది నా చేతిలోంచి తీసుకుని లోపల వేలు పెట్టి చూశాడు. ఎలోడిని పిలిచి చూపించాడు. కాసేపట్లో ఆ వరస అందరూ గుత్తిని తిప్పి, కత్తిరించి, విదిలిస్తున్నారు. ఎలోడి నాకంటే వేగంగా చేసింది, నిజం చెప్పాలంటే.

సాయంత్రం పక్క తోట యజమాని, తాత తోట ఇచ్చేస్తానన్న ఆ రైతే, ట్రాక్టరు ఆపి రెనే గారితో మాట్లాడాడు. మర్యాదస్తుడే. తన కోత కూడా పూర్తి కాలేదని, లేకపోతే మనుషుల్ని పంపేవాడినని అన్నాడు. వెళ్ళేముందు మిగిలిన పైవరసల్ని ఒకసారి కళ్ళతో కొలిచి, టోపీ సర్దుకున్నాడు. ఆ చూపు మా అందరికీ అర్థమైంది.

ఆదివారం, మబ్బులు

మబ్బు రాత్రికి కాదు, పొద్దున్నే పడమటి కొండల మీదికి వచ్చి కూర్చుంది. గాలి చల్లబడింది. రెనే గారు ముక్కెగరేసి వాసన చూసి, సాయంత్రం దాకా ఆగదన్నాడు. పైన ఇంకా చాలా వరసలు మిగిలి ఉన్నాయి. మార్టిన్ గారు తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేస్తోంది. ఒక్కరూ ఖాళీగా లేరు.

అన్న గంప దించి నేల మీద పెట్టాడు. "నేను జర ఊర్లకు పోయొస్త."

"గిప్పుడెందుకన్న? మనుషులు లేకనే సస్తున్నం."

"అందుకే" అని దిగిపోయాడు.

నాకు కోపం వచ్చింది. ఆయన లేకపోతే గంప ఎలోడి మోసింది, తర్వాత నేను. సగం గంపకే నేను రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. చాలాసేపటికి కింద నుంచి మాటలు వినిపించాయి. తొంగిచూస్తే అన్న వస్తున్నాడు. ఆయన వెనక ఎర్ర కోట్లు, బంగారు గుండీలు, తెల్ల చేతితొడుగులు వేసుకున్న పెద్ద గుంపు వరసగా కొండ ఎక్కుతోంది. ఊరి బ్యాండుమేళం. చర్చి ముందు వాయించడం అయిపోయి, కాఫీ దుకాణంలో కూర్చుని ఉన్నారట.

"ఏమని జెప్పి పట్టుకొచ్చినవ్?" అన్నాను.

"ఉన్నదే జెప్పిన. రెనే తాత తోట వానల పోతున్నది, ఇండియా నుంచొచ్చిన పిల్ల గంప మోస్తున్నది, మీరు కాఫీ తాగుతున్నరు అన్న."

"గట్లనే అన్నవా?"

"వాళ్ళ భాషల అన్న. నవ్విన్రు. లేసిన్రు."

కోట్లు విప్పి కంచె గుంజలకు తగిలించారు. నేను వరస మొదట్లో నిలబడి, వచ్చీరాని జర్మన్‌లో గుత్తి ఎలా తిప్పాలో, ఎక్కడ కత్తిరించాలో చూపించాను. బూర ఊదే లావాటి పెద్దాయన దగ్గర్నుంచి పిల్లనగ్రోవి అమ్మాయి దాకా అందరూ బుద్ధిగా విన్నారు. కత్తెరలు చాలకపోతే కొందరు జేబుల్లోంచి చాకులు తీశారు. ఆ తర్వాత కొండ మీద మాటల్లేవు, కత్తెరల చప్పుడు తప్ప. అన్న కిందికీ పైకీ పరుగు పెడుతూనే ఉన్నాడు. ఎవరో అడక్కుండానే రెండో గంప ఎత్తుకున్నారు.

చివరి తీగ దగ్గరికి వచ్చేసరికి అందరం అక్కడే గుమిగూడాం. ఒక్క గుత్తి మిగిలింది. రెనే గారు వచ్చి నా చేతిలోని కత్తెర తీసుకున్నాడు. ఎడమచేత్తో అలవాటు లేదు, మొన పక్కకు పోతోంది. నేను గుత్తిని కింద పట్టుకున్నాను. రెండుసార్లు తప్పింది. మూడోసారి తెగి నా అరచేతుల్లో పడింది, బరువుగా, చల్లగా.

కోట ద్వారం గుండా

ఆఖరి లోడుకు ఆకుల కొమ్మలు, కిటికీ పూలు కట్టి ఊళ్ళోంచి తీసుకుపోవడం అక్కడి ఆనవాయితీ. కొత్తగా కోతకు వచ్చినవాళ్ళను దాని మీద కూర్చోబెడతారు. నన్ను చెరో రెక్కా పట్టి ట్రాలీ అంచు మీదికి ఎక్కించారు. మట్టి చేతులతోనే బ్యాండు వాళ్ళు వాయిద్యాలు అందుకున్నారు. ట్రాక్టరు ద్వారం కింద దూరినప్పుడు ఆ బురుజంతా మోగింది. కిటికీలు తెరుచుకున్నాయి. రొట్టెల దుకాణం ఆవిడ బయటికొచ్చి పిండి చేతులు ఊపింది. ఎవరో ముసలామె నాకు ఒక వాల్‌నట్ల సంచీ విసిరింది. ఉప్పల్ రోడ్డు మీద ఊరేగింపులు ఎన్నో చూశాను, ట్రాఫిక్‌లో ఇరుక్కుని తిట్టుకున్నాను కూడా. బండి మీద కూర్చున్నది నేనవడం అదే మొదలు.

మొదటి చినుకు నా మోకాలి మీద పడింది. బ్యాండు వాళ్ళు వాయిస్తూనే, ఇద్దరు ముగ్గురు పరుగెత్తుకొచ్చి టార్పాలిన్ కప్పారు. రైతుల సంఘం షెడ్డులోకి ట్రాలీ దూరిందో లేదో, రేకుల మీద వాన ఒక్కుమ్మడిగా విరుచుకుపడింది.

షెడ్డులో కాయ పరీక్షించే ఆయన చొక్కా చేతులు పైకి మడిచి, ట్రాలీ అడుగుదాకా చెయ్యి దూర్చి గుత్తులు లాగాడు. తిప్పి చూశాడు. ఇంకో మూల నుంచి లాగాడు. ఏదో గాజు గొట్టంలోకి రసం పిండి వెలుగుకేసి పెట్టి చూశాడు. చివరికి రెనే గారి వైపు తిరిగి ఒక చిన్న మాట అన్నాడు.

"ఏమన్నడు?" అన్నాను.

"మస్తు సాఫ్ ఉన్నదంట" అన్నాడు అన్న. "ఈ ఏడు గింత సాఫు లోడు సూడలేదంట." అంటూనే నేరుగా డ్రమ్ము వాయించే కుర్రాడి దగ్గరికి వెళ్ళి, డ్రమ్ము అంచు మీద వేళ్ళతో తీన్‌మార్ దెబ్బ కొట్టి చూపించాడు. వాడికి మొదట కుదరలేదు. అన్న మళ్ళీ కొట్టాడు. మూడోసారికి పట్టేశాడు. బూర పెద్దాయన దానికి తగ్గట్టు ఊదాడు. చిల్కానగర్ గల్లీల్లో పెళ్ళి బరాత్ ముందు ఆడినట్టు అన్న చేతులు పైకెత్తి భుజాలు ఆడించడం మొదలుపెట్టాడు. ఎలోడి దూకింది. నేనూ దూకాను. పిల్లనగ్రోవి అమ్మాయి, మార్టిన్ గారు, కాయ పరీక్షించిన ఆయన కూడా. రెనే గారు కట్టు కట్టిన చెయ్యిని ఎలోడి భుజం మీద ఆనించి, రెండో చెయ్యి గాలిలో తిప్పుతూ మా మధ్యకు వచ్చాడు.

అప్పుడే పక్క తోట యజమాని తన లోడుతో వచ్చాడు, టోపీ అంచుల నుంచి నీళ్ళు కారుతున్నాయి. ఈ గోల చూసి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత రెనే గారి దగ్గరికి వచ్చి చెయ్యి కలిపి, తోట సంగతి మాట్లాడడానికి ఎప్పుడు రమ్మంటావని అడిగాడు.

రెనే గారు అడుగులు ఆపకుండానే జవాబు చెప్పాడు. పక్క తోట ఆయన ముందు తెల్లబోయి, తర్వాత తల వెనక్కి వేసి నవ్వాడు. టోపీ తీసి ట్రాలీ మీదికి విసిరి తనూ ఆటలోకి వచ్చాడు. ఎలోడి నన్ను వాటేసుకుని ఆ డప్పుల హోరులో చెవి దగ్గర అరిచి చెప్పింది. వచ్చే ఏడు కత్తెర తీసుకుని నా తోటకు కోతకు రా, అన్నాడట తాత ఆయనతో.